లోటుపడిన ఇంట క్రిస్మసు పండుగ

పలమనేరు పీఠభూమి సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తున నున్నది. డిసెంబరు నెల నడుమ నాటికి అచట తెల్లవారుజామున మంచు పొలములపై దుప్పటివలె పరచుకొనును. ఆ చలిలోనే క్రైస్తవుల ఇండ్ల వాకిళ్లలో నక్షత్ర దీపములు వెలుగుట మొదలగును. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము పట్టణములలో ఏ వీధిని పోయినను ఆ దీపమును చూచి ‘ఇది క్రిస్మసు చేయువారి ఇల్లు’ అని గుర్తింపవచ్చును. వెదురు బద్దలకు రంగు కాగితము అంటించి లోపల దీపము నిలుపు రోజులు చాలవరకు పోయినవి. ఇప్పుడు బజారున అమ్ము ప్లాస్టిక్కు నక్షత్రములే హెచ్చు. అట్టి వీధిలో ఒక ఇంట మాత్రము దీపము లేకుండుట కద్దు. నిరుడు వెలిగిన ఇల్లే అది. ఈ యేడు ఆ ఇంట ఒకరు లేరు.

ఆ ఇంటివారు పండుగను ఏమి చేయవలెను? నక్షత్రము కట్టవలెనా, మానవలెనా? పిండివంటలకు బాణలి పొయ్యిమీద పెట్టవలెనా? రాత్రివేళ కీర్తనలు పాడుచు వచ్చు సంఘపు పిల్లలకు తలుపు తీయవలెనా, దీపములార్పి పండుకొనవలెనా? వినువారికి ఇవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చును. దుఃఖములో నున్నవారికి ఇవి చిన్నవి కావు. భూస్థాపన నాడు నలుగురును వచ్చి చేయవలసినది చేయుదురు, నిలువవలసినచోట నిలువబెట్టుదురు. పండుగనాడు నిర్ణయములన్నియు ఆ ఇంటివారే చేసికొనవలెను.

మన ప్రాంతమున ఇంట ఒకరు గతించిన ఏడాది పండుగ చేయరాదను ఆచారము హిందువుల ఇండ్ల బలముగా నున్నది. ఉగాది వచ్చినను, సంక్రాంతి వచ్చినను ఆ ఇంట సందడి యుండదు. కొన్ని చోట్ల బంధువులే వండి తెచ్చి యిత్తురు. ఈ యాచారమును మూఢమని కొట్టివేయుట సులభము. కాని అందులో ఒక దయ యున్నది. నవ్వలేని వారిని నవ్వుమని ఎవరును అడుగరు. ఏడాది వరకు ఎవరికిని సంజాయిషీ చెప్పుకొనవలసిన పని లేదు. తరతరములుగా హిందువులతో ఇరుగుపొరుగుగా బ్రతుకుచున్న క్రైస్తవ కుటుంబములకు కూడ ఈ పద్ధతి ఎంతో కొంత అంటియే యున్నది. “ఈ యేడు మీకు పండగ లేదు గదక్కా” అని పొరుగింటి యామె ఆప్యాయముగనే అనును.

సంఘములోని వారి మాట మరియొక వైపునుండి వచ్చును. “విశ్వాసులకు ఏడుపేమిటమ్మా, ఆయన ప్రభువునందు నిద్రించినాడు గదా, సంతోషముగా పండుగ చేయవలె” అని వారందురు. ఇదియు ఆప్యాయముగా అన్నమాటయే. ఒకరు పండుగ చేయరాదందురు, ఒకరు చేయక తీరదందురు. నడుమ ఉన్న యామెకు మాత్రము తన దుఃఖము ఎవరి లెక్కకును సరిపోవుట లేదని తోచును. ఈ రెంటిలో రెండవ మాటయే ఎక్కువ గాయపరచునని నా తలంపు. మొదటిది ఆచారమునకు మాత్రమే సంబంధించినది. రెండవది ఆమె విశ్వాసమునే శంకించుచున్నది.

ఈ రెండవ మాటకు ఆధారముగా చూపబడునది పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలోని ఉపదేశము. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని ఆయన అందు చెప్పెను. దుఃఖపడనే వద్దని చెప్పలేదు. ‘వారివలె’ అను మాటను విడిచి చదివినచో అర్థము తలక్రిందులగును. తొలి సంఘమువారి నడవడి ఎట్లుండెనో అపొస్తలుల కార్యములలోనే యున్నది: స్తెఫను రాళ్లదెబ్బలకు చనిపోయినపుడు భక్తిపరులైన మనుష్యులు అతనిని సమాధిచేసి మిక్కిలి ప్రలాపించిరట. పునరుత్థానమును నమ్మినవారే అంతగా ఏడ్చిరి. లాజరు సమాధి యొద్ద యేసు కన్నీరు విడిచిన సంగతి అందరును ఎరిగినదే. మరి కొంచెము సేపటిలో లాజరును లేపనున్నానని ఎరిగియుండియు ఆయన ఏడ్చెనను సంగతిపై మాత్రము మనము ఎక్కువగా నిలువము.

పాత నిబంధనలోని కీర్తనలు 150. వానిలో స్తుతికంటెను మొర, విలాపము గల కీర్తనలే పెద్ద వర్గమని పండితులు లెక్కింతురు. అందులో 88వ కీర్తన మొరతో మొదలై చీకటితోనే ముగియును. చివరకైనను ఒక వెలుగు రేఖ లేదు. అట్టి కీర్తనను కూడ తీసివేయక ఆరాధన గ్రంథమున నిలిపిరనగా, అట్లు మాటలాడుటకు కూడ దేవుని సన్నిధిలో చోటున్నదని ఒప్పుకొనుటయే గదా.

ఇక క్రిస్మసు కథనే చూతము. మన పాఠశాలలలో పిల్లలు ఆడు నాటికలలో గొల్లలు, జ్ఞానులు, దేవదూతలు, పశుల తొట్టి ఉండును. అంతటితో తెర పడును. సువార్త అక్కడ ఆగలేదు. హేరోదు బేత్లెహేములోని మగశిశువులను చంపించుట, తల్లుల ఏడ్పు, మరియ యోసేపులు బిడ్డను తీసికొని రాత్రివేళ ఐగుప్తునకు పారిపోవుట, ఇవన్నియు ఆ కథలోనివే. రాహేలు తన పిల్లల కొరకు ఏడ్చి ఓదార్పు పొందనొల్లకుండెనను పాత ప్రవక్త మాటను మత్తయి ఇచ్చటనే జ్ఞాపకము చేసెను. ఓదార్పు వద్దనిన తల్లిని ఆయన మందలింపలేదు. పాశ్చాత్య సంఘములలో అనేకము డిసెంబరు 28వ తేదీని ఆ శిశువుల జ్ఞాపకార్థ దినముగా పాటించును. పండుగ జరిగి మూడు దినములైనను కాకముందే వచ్చు దినమది.

ఈ కథలో మరియొక స్త్రీ కలదు. మన ప్రాంతపు సంఘములు ఈమెను ఇంకను ఎక్కువగా తలంపవలెను. లూకా సువార్త రెండవ అధ్యాయములో అన్న అను వృద్ధురాలు వచ్చును. పెండ్లియైన తరువాత ఏడేండ్లు మాత్రమే కాపురము చేసి ఆమె భర్తను పోగొట్టుకొనినది. మిగిలిన జీవితమంతయు దేవాలయములో గడిపినది. శిశువైన యేసును దేవాలయమునకు తెచ్చిన గడియలోనే ఆమె వచ్చి, దేవుని కొనియాడి, విడుదల కొరకు కనిపెట్టుచున్న వారందరితోను ఆయననుగూర్చి మాటలాడినది. భర్త పోయిన స్త్రీ ఎదురు వచ్చినచో శకునము చెడునని, శుభకార్యమున ముందు నిలువరాదని భావించు సమాజము మనది. క్రైస్తవుల ఇండ్లలోను ఈ భావము పూర్తిగా పోలేదనుట నిజము. పెండ్లిపందిటిలో తల్లియే వెనుక వరుసలో నిలుచుట మనము చూచినదే. కాని లూకా వ్రాసిన కథలో ఆ బిడ్డను గూర్చిన శుభవార్తను యెరూషలేములో నలుగురికి చెప్పిన స్త్రీ ఒక విధవరాలు. క్రిస్మసు నాడు ఇంట ప్రార్థన చేయుటకును, పిల్లలకు క్రొత్త బట్టలు చేతికిచ్చుటకును, దీపము వెలిగించుటకును ఆ యింటి విధవరాలిని ముందు పిలిచినచో అది సువార్తకు అనుగుణమైన పని.

ఈ సీమ సంఘముల చరిత్రయే దుఃఖముతో ముడిపడినది. అమెరికాలోని రిఫార్ముడు సంఘమునకు చెందిన వైద్య మిషనరీ డాక్టరు జాన్ స్కడ్డరు, భార్య హ్యారియటు 1819లో ఓడనెక్కి సింహళమునకు బయలుదేరిరి. దారిలో కలకత్తాలోనే తమ తొలి బిడ్డను పోగొట్టుకొనిరి. వెనుకకు మరలలేదు. వారి ఏడుగురు కుమారులు భారతదేశమున పనిచేసిరి. ఆ కుమారులు నెలకొల్పినదే 1853 నాటి ఆర్కాటు మిషను. ఆ మిషను పక్షముననే జేకబు చేంబర్లేను 1863లో మదనపల్లెలో పని ప్రారంభించెను. 1908లో ఆ యూరిలోనే కన్నుమూసెను. స్కడ్డరుగారి మనుమరాలు ఐడా స్కడ్డరు ఒక్క రాత్రిలో ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమున వైద్యము లేక మరణించుట చూచి, వైద్యము చదివి, 1900లో వేలూరున చికిత్స మొదలిడిన సంగతి మనవారికి క్రొత్త కాదు. నేడు పలమనేరు నుండి కుప్పము నుండి జబ్బు ముదిరిన వారిని తీసికొనిపోవునది ఆ వేలూరి ఆసుపత్రికే. అచటినుండి కొందరు నయమై వత్తురు. కొందరి విషయమున అంబులెన్సు మాత్రమే తిరిగి వచ్చును.

మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరమునకు 1912లో పునాది పడినది. డేనిషు వైద్యుడు క్రిస్టియను ఫ్రిమోట్ మొల్లరు దానికి మూలపురుషుడు. క్షయకు మందు లేని రోజులవి. స్ట్రెప్టోమైసిను 1943లో గాని కనుగొనబడలేదు. ఐసోనియాజిడు 1952లో గాని వాడుకలోనికి రాలేదు. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, రొమ్ముపై కొన్ని శస్త్రచికిత్సలు, ఇవియే వైద్యము. రోగులు నెలల తరబడి, కొందరు ఏండ్ల తరబడి ఉండిరి. కాబట్టి ప్రతి క్రిస్మసును ఇంటికి దూరముగా గడపినవారు ఆ వార్డులలో ఎందరో యుండిరి. నిరుడు ప్రక్క మంచము మీద ఉన్నవాడు ఈ యేడు లేడు. తానును మరుసటి పండుగకు ఉందునో లేదో తెలియదు. పండుగ సందడికి దుఃఖమునకు పొత్తు కుదరదనువారు అట్టి వార్డును ఒకసారి మనస్సున ఊహించుకొనవలెను. అచట పండుగ చేయకుండుటకును వీలులేదు, మరణమును మరచుటకును వీలులేదు.

రేడియో శ్రోతలకు ఇచ్చట మరియొక సంగతి చెప్పవలెను. ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరపు కింగ్సు కళాశాల ప్రార్థనామందిరమున క్రిస్మసు ముందునాటి సాయంకాలము తొమ్మిది వేదపాఠములు, నడుమ కీర్తనలు గల ఆరాధన జరుగును. 1928లో బి.బి.సి. దానిని మొదటిసారి ప్రసారము చేసినది. 1930లో తప్ప నాటినుండి ఏటేట ప్రసారమగుచునే యున్నది. ప్రపంచమంతట దానిని ఆనందమయమైన సంగీత కార్యక్రమముగ వినుచున్నారు. కాని అది పుట్టినది 1918 డిసెంబరు 24న, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి ఆరు వారములు గడచిన దినమున. దానిని నెలకొల్పిన ఎరికు మిల్నరు వైటు యుద్ధరంగమున సైనికుల పురోహితుడుగా పనిచేసి వచ్చినవాడు. ఆ కళాశాల విద్యార్థులు రెండువందల మందికి పైగా యుద్ధమున మడిసిరి. అందుచేత ఆయన ఆరంభ ప్రార్థనలోనే, మనతోకూడ, అయితే వేరొక తీరమున, మరింత గొప్ప వెలుగులో ఆనందించుచున్నవారిని స్మరింపుడని చేర్చెను. మొదటి పాఠమునకు పూర్వమే చనిపోయినవారిని తలచుకొనుట ఆ ఆరాధన పద్ధతి.

అమెరికా కవి లాంగుఫెలో 1863 క్రిస్మసు నాడు వ్రాసిన గంటల గీతమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. భార్య 1861 జూలైలో బట్టలకు నిప్పంటుకొని మరణించినది. పెద్దకొడుకు 1863 నవంబరులో అంతర్యుద్ధమున గాయపడెను. ఆ యేడాది దేవాలయపు గంటలు మ్రోగుచుండగా వ్రాసిన ఆ గీతమున నిరాశకు ఒక చరణము పూర్తిగా విడిచిపెట్టబడినది. నేడు దానిని హాయిగా పాడుకొనువారిలో చాలమందికి ఈ సంగతి తెలియదు.

మనవారిలో జాషువ కవి శ్మశానవాటిని గూర్చిన పద్యములను ఎరుగనివారు లేరు. హరిశ్చంద్ర నాటకము ఆడిన ప్రతి ఊరిలోను ప్రేక్షకులు వానిని మరల మరల పాడించుకొనిరి. అదే కవి వ్రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. సమాధుల నడుమ నిలిచి మాటలాడగల కవియే పశులతొట్టి కథను కూడ వ్రాసెనని మనవారు గమనింపవలెను.

ఇక ఇంటి సంగతికి వత్తము. నక్షత్రము కట్టుట విశ్వాసమునకు పరీక్ష కాదు. కట్టకుండుట చనిపోయిన వారిపై ప్రేమకు కొలత కాదు. ఇంటివారు పండుగకు రెండు వారముల ముందే కూర్చుండి మాటలాడుకొనుట మంచిది. ఏది చేయగలము, ఏది ఈ యేటికి వద్దు అని అందరును అడుగబడవలెను, పిల్లలతో సహా. పెద్దలు ఎట్లును తమలో తాము నిశ్చయించుకొందురు. పదేండ్ల పిల్లవాడు మాత్రము నాయన పోయినందుకు క్రొత్త చొక్కా అడుగవచ్చునో లేదో తెలియక ఊరకుండును. వాని మౌనమును పెద్దలు బుద్ధిమంతుతనమని మెచ్చుకొందురు. అది పొరపాటు. పిల్లలకు చావును గూర్చి సూటిగా చెప్పవలెను. ‘నిద్రపోయినాడు’, ‘ఊరికి పోయినాడు’ అని చెప్పినచో చిన్నవారు రాత్రి నిద్రకు భయపడుటయో, తిరిగి వచ్చునని వాకిట కూర్చుండుటయో జరుగును. ‘ప్రభువునందు నిద్రించెను’ అను మన సంఘపు మాట పెద్దలకు ఓదార్పే గాని నాలుగేండ్ల పిల్లకు విడమరచి చెప్పవలసినది.

నిప్పట్లు, కజ్జికాయలు, ఓళిగలు అన్నియు చేయనక్కరలేదు. పోయినవారికి ఇష్టమైనది ఒక్కటి చేసి, దానిని తినుచు వారిని గూర్చి మాటలాడుకొన్నచో కొన్ని కుటుంబములకు మేలు కలిగినది. ఆ పేరే ఎత్తకుండ భోజనము ముగించుట చూడ మర్యాదగ నుండును గాని, భోజనమునకు కూర్చున్న అందరి మనస్సులలోను ఆ పేరే యుండును. చనిపోయినవారితో బంధమును తెంచుకొన్నచో గాని దుఃఖము తీరదని మనోవైద్యులు ఒకప్పుడు అనుకొనిరి. 1996 నాటికి క్లాసు, సిల్వర్మను, నిక్మను అను పరిశోధకులు దీనిని గట్టిగా ప్రశ్నించిరి. బంధము తెగదు, రూపు మారును అని వారు చూపిరి. నవంబరు 2న సమాధులకు సున్నము వేసి పూలు పెట్టువారును, పునరుత్థాన పండుగ నాడు తెల్లవారకముందే సమాధుల తోటలో క్రొవ్వొత్తులు వెలిగించువారును అయిన మన సంఘములవారికి ఇది క్రొత్త విషయము కాదు.

దేవాలయమునకు పోవుట కొందరికి ఓదార్పు, కొందరికి గాయము. భర్త ప్రక్క కూర్చుండిన బల్లయే అచట ఉండును. ఆయన బిగ్గరగా పాడిన కీర్తనయే పాడుదురు. నడుమ లేచి బయటికి వచ్చుటకు వీలుగా చివర కూర్చుండుటలో తప్పేమియు లేదు. అట్లు వచ్చినవారిని చూచి గుసగుసలాడుట మాత్రము సంఘమువారు మానవలెను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆ సంవత్సరము సంఘములో గతించినవారి పేర్లను అయ్యగారు చదువుట మేలైన పద్ధతి. పేరు చదివినందున ఏడ్పు వచ్చునని భయపడనక్కరలేదు. ఆ పేరును అందరును మరచిపోవుదురేమో అనునదే ఇంటివారికి ఎక్కువ భయము.

ఇల్లు విడిచి గల్ఫు దేశములలో పనిచేయువారి సంగతి వేరు. ఈ ప్రాంతపు మండలములనుండి ఎందరో స్త్రీలు కువైటునకు ఇంటిపనులకు పోయియున్నారు. తల్లి పోయినను రాలేనివారు, ఫోనులో భూస్థాపన చూచినవారు వారిలో కలరు. 2020, 2021 సంవత్సరములలో కరోనా జబ్బుతో పోయినవారి కుటుంబములలో, ఊరిలోనే యుండియు కడచూపునకు నోచుకొననివారి దుఃఖమును దీనికి సమీపమైనదే. కువైటు నగరమున నేషనలు ఇవాంజెలికలు చర్చి ఆవరణలో తెలుగు ఆరాధనలు కూడ జరుగుచున్నవి. ఆ సంఘము అరేబియా మిషను పనినుండి పెరిగినది. ఆ మిషనును నడిపినది కూడ, మదనపల్లెకు చేంబర్లేనును పంపిన అమెరికా రిఫార్ముడు సంఘమే. పలమనేరు గుడిలో నేర్చిన కీర్తనను ఎడారి ఊరిలో పాడుకొను స్త్రీకి ఆ చుట్టరికము తెలియకపోవచ్చును. ఆ ఆవరణలో ఆదరణ కూడిక పెట్టుమని అడుగుటకు మాత్రము ఆమెకు హక్కున్నది.

దుఃఖము జబ్బు కాదు. అయినను కొందరికి అది కదలకుండ నిలిచిపోవును. పెద్దవారిలో ఏడాది గడచినను, దాదాపు ప్రతిదినము పోయినవారి ధ్యాస తప్ప వేరేమియు లేక, పనిపాటలు సాగక, జీవితమే అర్థరహితమని తోచుచుండినచో, దానిని చికిత్సకు తగిన స్థితిగా అమెరికా మనోవైద్య సంఘము 2022లో తన గ్రంథమున చేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ గడువు ఆరు నెలలు. చచ్చిపోవలెనని తోచినచో ఏ గడువును చూడక ఆ దినమే వైద్యుని కలియవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానసు సేవకు 14416 నంబరున ఫోను చేసినచో రుసుము లేకుండ తెలుగులో మాటలాడవచ్చును. ప్రార్థన చేయువాడు డాక్టరు వద్దకు పోరాదనుట ఆరోగ్యవరమును, వేలూరును కట్టిన విశ్వాసమునకు విరుద్ధమైన మాట.

పరామర్శకు పోవువారికి యోబు గ్రంథములో ఒక దృష్టాంతమున్నది. యోబు స్నేహితులు ముగ్గురును అతని బాధ చూచి ఏడు దినములు ఒక్క మాటయైనను పలుకక నేలపై కూర్చుండిరి. వారు చేసిన మంచి పని అదొక్కటే; నోరు తెరచినది మొదలు అంతయు చెడినది. దేవుని చిత్తము, మంచివారిని దేవుడు ముందు పిలుచుకొనును, ఇంకను ఇద్దరు బిడ్డలున్నారు గదా అనునట్టి మాటలు తీసికొనిపోవుటకంటె ఒక గిన్నె చారు తీసికొనిపోవుట మేలు. రేషను కార్డు మార్పునకో, పింఛను కాగితమునకో, బ్యాంకు పనికో తోడు పోదునని చెప్పుట ఇంకను మేలు. పండుగ వారములో ఆ ఇంటికి ఎట్లును నలుగురు వత్తురు. వచ్చిన చుట్టములు జనవరి మొదటి వారమున బస్సులెక్కి వెళ్లిపోవుదురు, పిల్లలు బడికి పోవుదురు. పరామర్శకు పోదలచినవారు ఆ పిమ్మటి సోమవారమున, పగలు పదకొండు గంటల వేళ ఆ తలుపు తట్టవలెను.